వికెట్లు రాసుకున్నాం, బంతులు రాసుకోలేదు

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చి రెండు వారాలైంది. మామూలుగా అయితే ఈపాటికి అరిసెల గురించో, కోడిపందాల దగ్గర పోగొట్టుకున్న వెయ్యి రూపాయల గురించో ఒక టపా పడి ఉండేది. ఈసారి మనసు అటు పోలేదు. రాయాల్సింది వేరే ఉంది, కాస్త పెద్దదే. ఓపికున్నవాళ్ళు చదవండి. ముఖ్యంగా పిల్లల్ని ఏదో ఒక ఆటల అకాడమీలో చేర్చినవాళ్ళూ, ఈ వేసవికి చేరుద్దాం అనుకుంటున్నవాళ్ళూ.

మాది హనుమాన్ జంక్షన్. 2001లో సినిమా వచ్చాక బయటివాళ్ళు "ఓ, నిజంగా ఆ ఊరు ఉందా" అని అడగడం మొదలుపెట్టారు గానీ, మావాళ్ళకి అది ఎప్పుడూ ఉత్త "జంక్షన్". విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే రోడ్డూ, నూజివీడు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డూ కలిసే చోట ఆంజనేయస్వామి. కండబలానికి దేవుడు ఆయనే కదా, మా ఊళ్ళో ప్రతి తండ్రికీ కొడుకు ఒళ్ళు ఉక్కు అనే నమ్మకం కాస్త ఎక్కువ (నాన్న నా గురించి కూడా అలాగే అనుకున్నారు, పాపం).

మా అక్కావాళ్ళు ఉండేది అక్కడే. అక్క కొడుక్కి పద్నాలుగు నిండాయి. ఫాస్ట్ బౌలర్. కిందటి సంక్రాంతికి నా భుజం దాకా వచ్చినవాడు ఈసారి నా చెవి దాటేశాడు. ఆ ఎత్తు చూసి, ఆ రనప్ చూసి బావకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అండర్-16 సెలక్షన్లు, ఆ తరువాత రంజీ, ఆ తరువాత ఐపీఎల్ వేలం... ఆయన మనసులో అప్పటికే అంతా అయిపోయింది.

పండగ రోజు మేడ మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. వీడు పైకి చూద్దామని వెనక్కి వంగబోయి "అమ్మా" అని నడుం పట్టుకుని అలాగే ఆగిపోయాడు. తరువాత ఎవరూ చూడట్లేదనుకుని నెమ్మదిగా పిట్టగోడకి ఆనుకున్నాడు. నేను చూశాను.

"ఎప్పట్నుంచి రా?"

"దసరా నుంచి మావయ్యా. అమ్మకి చెప్పకు."

"మరి కోచ్ కి చెప్పావా?"

"చెప్తే టీములోంచి తీసేస్తారు మావయ్యా."

మూడు నెలలు. తీరా కదిపితే విషయం మరీ అంత రహస్యమేమీ కాదని తేలింది. నడుం పట్టేసిందని వాడు ఒకసారి అంటే కోచ్ "ఎదిగే పిల్లలకి మామూలే" అన్నాడట. బావ ఒక నాటు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి నూనె మర్దనా చేయించాడు, రెండు ఆదివారాలు. ఎక్స్ రే కూడా తీయించారు, అందులో ఏమీ లేదు. ఏమీ లేదంటే ఇక ఆడొచ్చనే కదా అర్థం! ఆడించారు.

కనుమ వెళ్ళాక విజయవాడలో ఎముకల డాక్టరు గారికి చూపించాం. ఆయన వాణ్ణి ఒక కాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నారు. కుడి కాలి మీద పర్వాలేదు. ఎడమ కాలి మీద మళ్ళీ అదే "అమ్మా". ఎమ్మారై రాశారు. రిపోర్టు వచ్చాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, నేను ఈ టపా రాయడానికి కారణం, ఇది:

"వారానికి ఎన్ని బంతులు వేస్తాడండీ?"

బావ దగ్గర ఒక నోట్ బుక్ ఉంది. రెండేళ్ళ నుంచి వాడు తీసిన ప్రతి వికెట్టూ అందులో తారీకుతో సహా ఉంటుంది. ఎవరి మీద, ఏ గ్రౌండులో, బౌల్డా క్యాచా, అన్నీ. బంతుల లెక్క మాత్రం ఒక్క పేజీలో కూడా లేదు. బావ నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను, వాడు నేల వైపు చూశాడు.

అప్పుడు వేళ్ళ మీద లెక్కేశాం. అకాడమీలో వారానికి నాలుగు రోజులు, రోజుకి పదేసి ఓవర్లు: 240 బంతులు. స్కూల్లో పీఈటీ సారు దగ్గర రెండు సాయంత్రాలు: 80. ఆదివారం ఎక్కడో ఒకచోట మ్యాచి, వార్మప్ తో కలిపి 60. ఇవి కాక ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద, యాక్షన్ సరిచూసుకోవడానికి బావ సెల్ ఫోనులో వీడియో తీస్తుండగా, రోజుకి ఇరవై చొప్పున ఐదు రోజులు: ఇంకో 100. మొత్తం 480. అంటే 80 ఓవర్లు. టెస్టు మ్యాచిలో ఒక టీము బౌలర్లందరూ కలిసి రోజంతా వేసేది 90 ఓవర్లు! వాడొక్కడే, పద్నాలుగేళ్ళకి, ప్రతి వారం, దాదాపు అంత.

ఇందులో విలన్ ఎవరూ లేరు, గమనించండి. అకాడమీ కోచ్ కి తెలిసింది తన 240. పీఈటీ సారుకి తెలిసింది తన 80. మ్యాచి పెట్టినవాళ్ళకి తెలిసింది ఎనిమిది ఓవర్లు. ఎవరి లాగ్ వాళ్ళ దగ్గర ఉంది, అన్నీ కలిపి చూసేవాడు లేడు. మన ప్రాజెక్టుల్లో ఎన్నిసార్లు చూడలేదు ఇది? నాలుగు టీములూ ఎవరి మాడ్యూల్ వాళ్ళు టెస్ట్ చేసి అంతా ఓకే అంటారు, సర్వర్ మాత్రం పడిపోతుంది. ఇక్కడ సర్వర్ ఒక పిల్లాడి నడుము.

వాడికి వచ్చింది స్ట్రెస్ ఫ్రాక్చర్. పడితే విరిగేది కాదు ఇది. వెన్నుపూస వెనకవైపు పై కీలునీ కింది కీలునీ కలుపుతూ సన్నటి ఎముక ఉంటుంది, పార్స్ అంటారు. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలకి తగిలిన క్షణంలో ఒంటి బరువుకి ఎన్నో రెట్లు బలం పైకి తన్నుతుంది. సరిగ్గా అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, మెలి తిరుగుతూ ఉంటుంది. కుడిచేతి బౌలర్ కి ఆ భారమంతా ఎక్కువగా ఎడమ పక్క ఎముక మీద పడుతుంది. ఒక్క బంతికి ఏమీ కాదు. కంటికి కనిపించనంత నలుగుతుంది, ఒళ్ళు దాన్ని బాగుచేసుకుంటుంది. బాగుచేసుకునేలోపు మళ్ళీ అరవై బంతులు, మర్నాడు మళ్ళీ అరవై... మెమరీ లీక్ లాగన్నమాట. నెలల తరబడి అంతా బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ఎక్స్ రేలో చాలాసార్లు కనపడదు కూడా, ఎమ్మారైలో అయితే ఎముక లోపలి వాపు తెలుస్తుంది. అందుకే "ఎక్స్ రేలో ఏమీ లేదు" అన్నమాట మా వాడికి రెండు నెలలు ఖరీదైంది. నడుము కింది భాగంలోని ఈ ఎముకలు పూర్తిగా గట్టిపడేది ఇరవైలు సగం గడిచాకే అని కూడా డాక్టరు గారు చెప్పారు.

ఇక ఎదుగుదల సంగతి. మగపిల్లలకి సుమారు పద్నాలుగేళ్ళప్పుడు, ఆడపిల్లలకి పన్నెండప్పుడు ఎత్తు పెరగడం జోరందుకుంటుంది. ముందు ఎముక పొడుగవుతుంది, దానిలోకి ఖనిజం చేరి గట్టిపడటం కొన్ని నెలలు వెనకబడి జరుగుతుంది. ఆ మధ్య కాలంలో పిల్లాడు చూడటానికి పెద్దవాడు, ఎముకకి కాదు. తొడ వెనక కండరాలు బిగుసుకుంటాయి. మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి పెడుతుంది, మడమ నొప్పి పెడుతుంది. వీటికీ పేర్లున్నాయి, ఆస్గుడ్-ష్లాటర్ అనీ సీవర్స్ అనీ. "ఎదిగే నొప్పులు" అని మనం తీసిపారేసేవాటిలో చాలావరకు ఇవే. ఎదిగే పిల్లలకి వచ్చేవి అన్నంత వరకూ కోచ్ మాట నిజమే, కాబట్టి పట్టించుకోనక్కర్లేదు అన్నదే తప్పు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఇంకోటి. ఎత్తు హఠాత్తుగా పెరిగినప్పుడు పిల్లాడికి తన చేతులూ కాళ్ళూ తనకే కొత్తవి. రనప్ తప్పుతుంది, లైన్ తప్పుతుంది. మా వాడికీ అదే అయింది, వర్షాకాలం నుంచీ వైడ్లు ఎక్కువయ్యాయి. అప్పుడు అందరూ ఏం చేశారు? "రిథమ్ పోయింది, ఇంకా ఎక్కువ వెయ్యాలి" అన్నారు. ఇంటి ముందు వేసే ఆ రోజూ ఇరవై బంతులు అప్పుడు మొదలైనవే. ఎముక అన్నిటికన్నా బలహీనంగా ఉన్న నెలల్లోనే బరువు పెంచాం. ఎవరూ చెడు కోరి చేయలేదు, తెలియక చేశాం. ఇందులో నా పాపం కూడా ఉంది, స్పైక్స్ బూట్లు కొని పంపింది నేనే.

మా చిన్నప్పుడు కూడా రోజంతా ఆడాం కదా, మాకేం కాలేదే అని అక్కడ చాలామంది అన్నారు. నేనూ కాసేపు అలాగే అనుకున్నాను. ఆలోచిస్తే అది నిజం కాదు. మాకు గ్రౌండెక్కడిది? పొలాలే కదా. డెల్టాలో వరి కోసే ముందే చేలో మినుములు చల్లేస్తారు. కోతలయ్యాక కూడా అడుగు పెట్టనివ్వరు, పెడితే రైతు వీపు పగలగొడతాడు. మినుము తీసి చేను ఖాళీ అయ్యేసరికి మార్చి. మళ్ళీ కాలవకి నీళ్ళొదిలే దాకా, అంటే రెండు మూడు నెలలు, అంతే మన క్రికెట్ సీజను. మిగతా ఏడాదంతా గోళీలు, కాలవలో ఈత, స్కూల్లో కబడ్డీ, నూజివీడు తోటల్లో మామిడికాయల కోసం పరుగు. ఒక్కో ఆటకి ఒళ్ళు ఒక్కో రకంగా కదిలేది. పైగా ఒక బంతి, పదిహేను మంది, నాకు బౌలింగ్ వచ్చేది రోజుకి రెండు ఓవర్లు, అదీ కొట్లాడితే. మాకు ఫిజియో లేడు నిజమే, మినుము చేను ఉండేది.

ఇప్పుడు చుట్టుపక్కల ఎటు చూసినా నెట్స్, ఫ్లడ్ లైట్లు, సిమెంటు పిచ్చిలు. మంచిదే, మాకు లేనివి వీళ్ళకి దొరికాయి. కానీ మినుము చేను పోయి దాని స్థానంలో ఏమీ రాలేదు. పదకొండు నెలలు ఒకే ఆట, ఒకే కదలిక. ఒళ్ళు ఆగమని చెప్పేది నొప్పి ఒక్కటే, దాన్ని మనం నూనె రాసి నోరు నొక్కాం.

లెక్కలు పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. ఇంగ్లండు బోర్డు చాలా ఏళ్ళపాటు అమలు చేసిన నిబంధనలు చూడండి: 13 ఏళ్ళ లోపు ఫాస్ట్ బౌలర్ ఒక స్పెల్ లో 5 ఓవర్లు, రోజు మొత్తానికి 10 దాటకూడదు. 14, 15 ఏళ్ళవాళ్ళకి స్పెల్ కి 6, రోజుకి 12. అమెరికాలో ఉన్నవాళ్ళకి బేస్ బాల్ తెలిసే ఉంటుంది. 2014లో వచ్చిన పిచ్ స్మార్ట్ పద్ధతి ప్రకారం 11-12 ఏళ్ళ పిల్లాడు రోజుకి 85 బంతులకి మించి విసరకూడదు, విసిరినదాన్ని బట్టి ఎన్ని రోజులు సెలవో కూడా రాసి ఉంటుంది. అక్కడ స్టాండ్స్ లో కూర్చున్న తల్లిదండ్రులే బంతులు లెక్కపెడుతూ ఉంటారు. మన నోట్ బుక్ లాంటిదే, వేరే కాలమ్ అంతే.

కాల్గరీలో మా గుడివాడ మిత్రుడొకడున్నాడు, వాడి కొడుకు ఐస్ హాకీ ఆడతాడు. మా వాడి సంగతి చెబితే వాడు అక్కడి కథ చెప్పాడు. ఐస్ హాకీలో ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది పడేయడం ఆటలో భాగం. పదకొండు పన్నెండేళ్ళ పిల్లల్లో ఒకడికి అప్పటికే మీసం వస్తుంది, ఇంకోడు ఇంకా పాలబుగ్గల పసివాడు, ఇద్దరూ ఒకే వయసు విభాగం. కాల్గరీ యూనివర్సిటీవాళ్ళు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ వయసులో గుద్దడానికి అనుమతి ఉన్న ఆల్బర్టా పిల్లలనీ, అనుమతి లేని క్యూబెక్ పిల్లలనీ పోల్చారు. ఆల్బర్టాలో గాయాల ముప్పు మూడు రెట్లకి పైనే. 2011లో అమెరికా, 2013లో కెనడా ఆ వయసువాళ్ళకి గుద్దడం తీసేశాయి. "చిన్నప్పుడు నేర్చుకోకపోతే పెద్దయ్యాక ఎలా తట్టుకుంటారు, ఇలా అయితే ప్రొఫెషనల్స్ ఎలా తయారవుతారు" అని అక్కడి తండ్రులు గోల గోల చేశారట. ఆ వయసులో గాయాలు మాత్రం బాగా తగ్గాయి. హాకీ అంటే ప్రాణం పెట్టే దేశం అది. అక్కడే చేయగలిగారు.

హాకీ దగ్గరే ఇంకో సంగతి ఉంది, గ్లాడ్ వెల్ పుస్తకం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కెనడా మంచి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్ళే ఎక్కువ. 1985లోనే బార్న్ స్లీ వాళ్ళు దీని గురించి రాశారు. వయసు లెక్క జనవరి 1 నుంచి కాబట్టి, జనవరిలో పుట్టినవాడు డిసెంబరువాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిదేళ్ళప్పుడు ఏడాదంటే కొండంత తేడా. ఆ పెద్దరికాన్ని మనం టాలెంట్ అనుకుంటాం. (మన దగ్గర ఈ లెక్క కుదరదు లెండి, మా క్లాసులో సగం మంది జూన్ లోనే పుట్టారు, సర్టిఫికెట్ల ప్రకారం :) )

ఆ సర్టిఫికెట్ల గొడవకే కదా బీసీసీఐ అండర్-16 కుర్రాళ్ళకి మణికట్టు ఎక్స్ రే పెట్టింది, టీడబ్ల్యూ3 పద్ధతి. ఎముక వయసు చూసి దొంగ వయసుని పట్టుకోవడానికి. ఒకే పుట్టినరోజున్న ఇద్దరు పదమూడేళ్ళ పిల్లల ఎముకల వయసులో రెండు మూడేళ్ళ తేడా ఉండొచ్చు, ఇద్దరూ నిజమే చెప్పినా సరే. నన్నడిగితే ఆ పరీక్ష చెప్పే ముఖ్యమైన విషయం అదే. ముందుగా ఎదిగినవాణ్ణి ఎత్తు చూసి ఎంపిక చేస్తాం, ఎంపికైనందుకు ఎక్కువ ఆడిస్తాం, విరిచేస్తాం. ఆలస్యంగా ఎదిగేవాణ్ణి ఇంటికి పంపించేస్తాం. వాడు పదిహేడేళ్ళకి ఆరడుగులు అయ్యేసరికి ఎక్కడో కోచింగ్ హాస్టల్లో ఎంసెట్ బిట్లు చదువుతూ ఉంటాడు.

గాయాల కథలు మనవాళ్ళకి తెలియనివి కావు. కానీ చెప్పుకునే తీరే వేరు. నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 1994 పుణె జాతీయ క్రీడల్లో మోకాలు దెబ్బతిని, ఆపరేషన్లు అయ్యి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రతి అకాడమీలో పిల్లలకి చెప్పే కథ ఇది, మా వాడికీ చెప్పారు. గొప్ప కథే, సందేహం లేదు. కానీ దానివల్ల పిల్లాడికి అర్థమయ్యేది "నొప్పి వచ్చినా ఆడాలి, అప్పుడే చాంపియన్" అని. మోకాలు పోయి తిరిగి రానివాళ్ళ ఫోటోలు ఏ అకాడమీ గోడ మీదా ఉండవు కదా. సింధుకి 2015లో పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం నొప్పితోనే గెలిచింది, ఎడమ చీలమండలో మళ్ళీ అదే, ప్రపంచ చాంపియన్ షిప్ వదులుకుని తిరిగి కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. మనం స్వర్ణం గుర్తుపెట్టుకున్నాం, ఆ ఐదు నెలలు గుర్తుపెట్టుకోలేదు. మన విశాఖ నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్ బోర్న్ లో సెంచరీ కొట్టాక మా వాడి గదిలో పోస్టర్ వెలిసింది. అదే నితీశ్ ఆ ఏడాది జూన్ లో జింబాబ్వే టూర్ గాయం వల్ల వదులుకున్నాడనీ, 2025 జూలైలో మోకాలి గాయంతో ఇంగ్లండు నుంచి మధ్యలో వచ్చేశాడనీ వాడికి తెలియదు. నేనే చెప్పాను.

ఫాస్ట్ బౌలింగ్ కే అయితే ప్యాట్ కమిన్స్ కథ చాలు. 2011 నవంబరులో, పద్దెనిమిదేళ్ళకి, జొహానెస్ బర్గ్ లో మొదటి టెస్టు. ఏడు వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. రెండో టెస్టు ఎప్పుడో తెలుసా? 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో ఐదేళ్ళ పైచిలుకు, ఎక్కువగా వెన్ను గాయాలు. డబ్బుకీ డాక్టర్లకీ లోటు లేని బోర్డు అతన్ని కాపాడుకుంటూ వచ్చింది కాబట్టి అతను మళ్ళీ ఆడాడు. జంక్షన్ కుర్రాడికి ఐదేళ్ళు ఎవరు ఆగుతారు?

నిద్ర గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఇది అచ్చంగా మన ప్రాంతపు జబ్బు. మా వాడు నాలుగున్నరకి లేస్తాడు. ప్రాక్టీసు, స్కూలు, మళ్ళీ ప్రాక్టీసు, తొమ్మిదిన్నర దాకా ఐఐటీ ఫౌండేషన్ ట్యూషను (క్రికెట్ రాకపోతే ఉండాలి కదా అని). పడుకునేసరికి పదకొండు. అమెరికాలో స్కూలు ఆటగాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఎనిమిది గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్ళకి గాయమయ్యే అవకాశం 1.7 రెట్లు. మా వాడు ఐదున్నర గంటలు. ఎముక బాగుపడే పని జరిగేదే నిద్రలో అయితే, ఆ పనివాళ్ళకి మనం సగం షిఫ్టే ఇచ్చాం. ప్రొటీన్ డబ్బా మాత్రం నెలనెలా కొంటున్నారు, నాలుగు వేలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ఎక్కువ ప్రాక్టీసు, తక్కువ తిండి అయినప్పుడు నెలసరి ఆగిపోవడం జరుగుతుంది. చాలామంది అమ్మలు "ఆటల పిల్ల కదా, మామూలే" అనుకుంటారు, కొంతమంది ఒక గొడవ తప్పిందనుకుంటారు. మామూలు కాదండీ. తినే శక్తి సరిపోవడం లేదని ఒళ్ళు చెప్పే మాట అది. ఎముకలు పలచబడతాయి, స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటనే చేసింది. మన కోచ్ లు ఎక్కువమంది మగవాళ్ళు, ఆ పిల్ల వాళ్ళకి చెప్పుకోలేదు. ఇంట్లోవాళ్ళే అడగాలి.

బావకి ఇవన్నీ చెబితే ఆయన ఏమన్నాడో కూడా రాయకపోతే అన్యాయం. "నువ్వు ఏసీలో కూర్చుని నడుం నొప్పి తెచ్చుకున్నావు. నాకు ఎముకల గురించి చెప్తావేంట్రా" అన్నాడు ముందు. అది నిజమే, నా దగ్గర సమాధానం లేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "నీకు చదువు వచ్చింది. వీడికి రావట్లేదు. వీడికి వచ్చింది ఇదొక్కటే. ఈ రెండేళ్ళలో సెలక్ట్ అవ్వకపోతే ఇంకెప్పుడూ అవ్వడు. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో ఉద్యోగమైనా వస్తే చాలు నాకు."

దీనికి తేలిక జవాబు లేదు. ఆయన భయం అబద్ధం కాదు. అండర్-16 దాటితే మళ్ళీ తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం ఆయనకి లేదు, ఆ నమ్మకం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు కూడా. అందుకే తండ్రుల్ని తిట్టి వదిలేస్తే లాభం లేదంటాను. కానీ బావా, ఆ రైల్వే ఉద్యోగానికైనా వాడికి పందొమ్మిదేళ్ళప్పుడు నడుము ఉండాలి కదా! పద్నాలుగేళ్ళప్పుడు వచ్చిన ఈ పగులు ఇప్పుడు విశ్రాంతి ఇస్తే చాలావరకు అతుక్కుంటుందన్నారు డాక్టరు గారు. ఇలాగే వేస్తూ పోతే రెండు పక్కలా విరిగి పూస ముందుకి జారొచ్చన్నారు. తొందర వల్ల మిగిలేది ఏమీ లేదు.

అలాగని ఆట మాన్పించమని నేననను. మన విజయవాడ జ్యోతి సురేఖనే చూడండి, విల్లు పట్టకముందు ఈత. నాలుగేళ్ళ పిల్లని కృష్ణ ఈదించి రికార్డు పెట్టించడం నాకు నచ్చే విషయం కాదు, అది వేరే గొడవ. కానీ ఒక ఆటలో మొదలుపెట్టి ఇంకో ఆటకి మారిన అమ్మాయే హాంగ్జౌ ఆసియా క్రీడల్లో, 2023లో, మూడు స్వర్ణాలు తెచ్చింది. చిన్నప్పుడే ఒక్కదానికి కట్టేయకపోతే వెనకబడిపోతారన్నది నిజం కాదు. అమెరికాలో నీరు జయంతి అనే డాక్టరు, ఆయన బృందం వాళ్ళు వందల మంది పిల్లల్ని చూసి 2015లో ప్రచురించిన దాంట్లో ఒక సులువైన కొలత ఉంది: వారానికి ఆడే గంటలు పిల్లాడి వయసు అంకెని మించితే పెద్ద గాయాల ముప్పు పెరుగుతుంది. పద్నాలుగేళ్ళకి పద్నాలుగు గంటలు. మా వాడివి ఇరవై మూడు. ఈ లెక్కకి ఎమ్మారై అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు, ఏ ఊళ్ళోనైనా ఏ తండ్రైనా వేసుకోవచ్చు. గుమ్మం పక్కన గోడ మీద నెలకోసారి పెన్సిలు గీత పెట్టుకోవచ్చు. గీతలు దూరం దూరంగా పడుతున్న నెలల్లో బంతులు తగ్గించమని కోచ్ కి చెప్పొచ్చు. అకాడమీలవాళ్ళు చేరేటప్పుడు ఆధార్, నాలుగు ఫోటోలు, ఫీజు అడుగుతారు కదా, "ఇంకెక్కడెక్కడ ఆడుతున్నాడు" అని ఒక్క గడి ఆ ఫారంలో చేర్చడానికి ఎంత ఖర్చవుతుంది?

మా వాడికి జూన్ దాకా బౌలింగ్ లేదు. ముందు మూడు నెలలు పూర్తి విశ్రాంతి, తరువాత వ్యాయామాలు, తరువాత మళ్ళీ ఎమ్మారై. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు "బ్యాటింగ్ చేయొచ్చా మావయ్యా" అని అడిగాడు. ఇప్పుడే వద్దన్నారని చెప్తే, "పోనీ స్కోరింగ్ చేస్తా" అన్నాడు. ఇప్పుడు ఆదివారాలు మ్యాచి దగ్గర కూర్చుని స్కోరు రాస్తున్నాడట. అక్క ఫోనులో చెప్పింది, వాడు స్కోరుబుక్కు చివరి పేజీలో తన ఈడు పిల్లలు ఎవరెవరు ఎన్నెన్ని బంతులు వేశారో కూడా విడిగా రాస్తున్నాడని. మొన్న ఆదివారం ఒకడు నెట్స్ తో కలిపి 110 వేశాడట. ఆ పిల్లాడి నాన్నకి చూపిస్తే, "నీకు కుళ్ళు రా" అన్నాడట.

అకాడమీ నుంచి బావకి ఫోనొచ్చింది, మార్చిలో సెలక్షన్ ట్రయల్స్ ఉన్నాయి, రెండు ఓవర్లే కదా, నొప్పికి ఇంజెక్షన్ చేయించి పంపండని. పంపనని బావ ఇంకా చెప్పలేదు. ఆలోచించి చెప్తానన్నాడట. నేను రోజూ రాత్రి ఫోను చేస్తున్నాను.